పల్చటి కవర్లు

నాకు ముక్కు మీద కోపమని మా విద్యార్థులు చెప్పుకుంటారు. నిజమే. కానీ నర్సులవుదామని వచ్చిన నలభై మంది పిల్లలకి 'పరిశోధన పద్ధతులు' అనే పాఠం ఏడాది పొడుగునా చెప్పి చూడండి, మీకూ వస్తుంది. ఇంజెక్షను ఎలా ఇవ్వాలో చెబితే చెవులప్పగించి వింటారు. ఆ ఇంజెక్షను పనిచేస్తుందని మనకెలా తెలిసింది అని అడిగితే మాత్రం గోడ గడియారం వంక చూస్తారు.

పందొమ్మిదేళ్ళుగా ఇదే పాఠం, ఇదే గది, దాదాపు అవే ఆవలింతలు. వాళ్ళు నాకు పెట్టిన పేరు 'రుజువు మేడం'. ఇవాళ ఎండ ఎక్కువగా ఉందని ఎవరైనా అంటే రుజువేదని అడుగుతానట. అంత దూరం పోలేదు గాని, నా స్వభావం ఇంచుమించు అలాంటిదే.

ఈ పాఠంలో పిల్లలకి ఎంత చెప్పినా బుర్రకెక్కని సంగతి ఒకటుంది. రెండు వైద్యాల్లో ఏది మెరుగో తేల్చాలంటే రోగుల్ని రెండు గుంపులు చేస్తాం. ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో మాత్రం మనం ఎంచకూడదు, చీటీ ఎంచాలి. "ఎందుకు మేడం? ఎవరికేం కావాలో మనకే బాగా తెలుసుగా?" అని ప్రతి ఏడూ ఒకరైనా అడుగుతారు. "తెలుసు కాబట్టే ఎంచకూడదు" అంటాను. వాళ్ళు తల ఊపుతారు, పరీక్షలో తప్పు రాస్తారు.

అందుకే నా సొంత అధ్యయనాన్నే ఉదాహరణగా చెబుతూ వచ్చాను. మా కాలేజీని ఆనుకుని ఉన్న ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్ళ వార్డు ఒకటుంది. నెలల తరబడి కదలకుండా పడుకునేవాళ్ళకి నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఆరేళ్ళ కిందట ఒక కంపెనీ వాళ్ళు గాలి పరుపులు తెచ్చారు. చిన్న మోటారు ఒకటి పరుపులోని గొట్టాల్లోకి మార్చి మార్చి గాలి ఎక్కిస్తుంది. దాంతో ఒంటి బరువు ఒకే చోట పడదని, పుండ్లు సగానికి సగం తగ్గుతాయని చెప్పారు. రుజువేదన్నాను. పరుపులు ఇస్తాం, మీరే చూడండన్నారు.

చూశాను. అరవై మంది రోగులు, అరవై కవర్లు. ముప్పై కవర్లలో 'గాలి' అని, ముప్పైలో 'మామూలు' అని చీటీలు పెట్టి, బాగా కలిపి, అంటించి, పైన ఒకటి నుంచి అరవై దాకా అంకెలు వేశాను. వార్డులో కొత్తగా ఎవరు చేరితే వాళ్ళకి వరసలో తర్వాతి కవరు తెరవాలి. లోపల ఏముంటే ఆ పరుపే వేయాలి. తెరిచిన టైము, మంచం నంబరు రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. కవర్ల పెట్టెను వార్డు హెడ్ నర్సుకి అప్పగించాను. ఆ హెడ్ నర్సు మా అక్క.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను ఇప్పటికీ 'పొట్టీ' అనే పిలుస్తుంది, డాక్టర్ల ముందు కూడా. వార్డులో ఆమె మాటే చట్టం. రోగుల్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. అంత నమ్మకమైన మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతుందని అప్పట్లో మురిసిపోయాను.

ఫలితం ఇలా వచ్చింది. గాలి పరుపు మీద పడుకున్న ముప్పై మందిలో పదకొండు మందికి పుండ్లు పడ్డాయి. మామూలు పరుపు మీద పదిమందికి. తేడా లేదు. లేదని కంపెనీ వాళ్ళ మొహం మీదే రాసిచ్చాను. ఆసుపత్రి ఆ పరుపులు కొనలేదు. 'లేదు' అని రావడం కూడా ఫలితమేనని, దాన్ని దాచకుండా రాయడమే నిజాయితీ అని ఏటా పిల్లలకి చెబుతున్నాను. చెప్పేటప్పుడు నా ఛాతీ కొంచెం ముందుకొస్తుందని వాళ్ళు వెనకాల అనుకరించి నవ్వుకుంటారని కూడా నాకు తెలుసు.

ఈ సోమవారం కూడా అదే పాఠం. ఆనాటి కట్టలో మిగిలిన కవర్లు నా బీరువాలో ఉంటే తీసి, చీటీలు పెట్టి, బెంచీకి ఒకటి చొప్పున పంచాను. కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉంది. తోటివాళ్ళు 'సందేహం' అని పిలుస్తారు. ప్రతి పాఠం చివర చెయ్యెత్తుతుంది గనక అందరికీ బస్సు తప్పిపోతుందట. ఆ పిల్ల కవరుని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది.

"మేడం, మాది మామూలు" అంది.

"తెరవమని నేనింకా చెప్పలేదుగా?"

"తెరవలేదు మేడం. కనపడుతోంది."

క్లాసంతా కవర్లు ఎత్తింది. "మాది గాలి!" "మాదీ గాలే!" అని చేపల మార్కెట్టులా అరుపులు మొదలయ్యాయి.

నాకు ఒళ్ళు మండింది. "కవరుని కవరులా పట్టుకోండి. వెలుతురుకి పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం" అంది సందేహం మెల్లిగా. "కానీ వార్డులో వాళ్ళకి పెట్టొద్దని కూడా ఎవరూ చెప్పి ఉండరుగా?"

"ఆ వార్డులో అలాంటివాళ్ళు లేరు. కూర్చో."

ఆ పిల్ల కూర్చుంటూ, నోరు జారినట్టుగా, "రుజువు..." అని ఆగిపోయింది. నలభై మందీ పగలబడి నవ్వారు. పుస్తకం మూసి, పది నిమిషాల ముందే బయటికి వచ్చేశాను.

నా గదిలో కిటికీ దగ్గర నిలబడి కవరుని నేనే ఎత్తి చూశాను. 'మామూలు' అనే మూడక్షరాలు లోపలి మడతతో సహా కనిపించాయి. ఆనాడు స్టోరు వాళ్ళని మందపాటి కవర్లు అడిగాను. పల్చటివి వచ్చాయి. తిప్పి పంపితే ఇంకో రెండు వారాలు ఆలస్యమవుతుందని, వీటితోనే కానిద్దామనుకున్నాను. అయినా ఎవరు చూస్తారులే, ఆ వార్డులో కిటికీలన్నీ ఎత్తులో ఉంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. అక్క కుర్చీ వెనక గోడకి ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే లైటు పెట్టె ఉంది.

బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాను. అక్క చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. పదమూడో కవరు తెరిచిన టైము పదకొండు గంటలు. పద్నాలుగో కవరు తెరిచింది అదే రోజు పదిన్నరకి. వరసలో వెనక ఉన్న కవరు ముందు ఎలా తెరుచుకుంటుంది? ఆరేళ్ళ కిందట ఇది నా కంటబడింది. అక్క హడావుడిలో టైము తప్పు రాసిందనుకున్నాను. ఇప్పుడు వేలు పెట్టి వరసగా చూస్తూ పోతే అలాంటి జతలు తొమ్మిది తేలాయి. అంటే పద్దెనిమిది కవర్లు.

తర్వాత నా నివేదికలోని మొదటి పట్టిక తీశాను. ఏ అధ్యయనం చదివినా ముందు మొదటి పట్టిక చూడండి, రెండు గుంపులూ మొదట్లో సమానంగా ఉన్నాయో లేదో చూడండి అని పిల్లల ముందు నెత్తీ నోరూ కొట్టుకుంటాను. నా పట్టికలో గాలి పరుపు వాళ్ళ సగటు వయసు డెబ్భై ఒకటి, మామూలు వాళ్ళది అరవై నాలుగు. బరువులో కూడా తొమ్మిది కిలోల తేడా. గాలి పరుపు వాళ్ళు ముసలివాళ్ళు, బక్కచిక్కినవాళ్ళు. కింద నేనే రాశాను, ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చిందని. విద్యార్థి ఎవరైనా అలా రాసుకొస్తే కాగితం మొహాన కొట్టి ఉండేదాన్ని.

బల్ల మీద ఇంకో కాగితం ఉంది. మూడు రోజుల కిందట వేరే ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం. అక్కడ మంచం పట్టినవాళ్ళకి రెండొందల పడకలతో కొత్త భవనం కడుతున్నారు. మీ అధ్యయనం చదివి గాలి పరుపులు వద్దనుకుంటున్నాం, శుక్రవారంలోగా మీ అభిప్రాయం చెప్పండి అని రాశారు. రెండు ముక్కలు రాసి పడేద్దామనుకున్న ఉత్తరమది.

నిజానికి ఆ ఉత్తరానికి జవాబు కష్టమేమీ కాదు. కవర్లు పల్చగా ఉన్నాయి, ఫలితాన్ని నమ్మకండి అంటే సరిపోతుంది. నన్ను కుర్చీలో కూర్చోనివ్వనిది అది కాదు. మా అమ్మ.

అమ్మకి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు అక్క ఇంట్లో మంచం మీద ఉంది. మూడో నెలలో అక్క నాకు ఫోను చేసింది. "పొట్టీ, అమ్మకి ఆ గాలి పరుపు తెప్పిద్దామా?" అంది. నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మన అధ్యయనం ఏం చెప్పిందక్కా? దండగ" అన్నాను. సరేనంది అక్క. పదకొండో నెలలో అమ్మ నడుము దగ్గర పుండు పడింది. ఎన్ని కట్లు కట్టినా అది మానలేదు. చివరికి ఆ పుండులోంచే జ్వరం పట్టుకుని తొమ్మిది రోజుల్లో అమ్మ పోయింది. ఇది జరిగి మూడేళ్ళు.

అక్కకి ఇప్పటిదాకా ఆ మంచాన్ని తల్చుకుంటే బాధే గాని, తప్పు చేశామన్న బాధ లేదు. చేయగలిగినదంతా చేశామని అందరికీ చెబుతుంది. నా జవాబు కాపీ ఒకటి వార్డుకి వెళ్తుంది, అది రివాజు. అక్క చదువుతుంది. ఆమెకి తెలివి తక్కువేం కాదు. కవర్ల నుంచి పరుపులకి, పరుపుల నుంచి అమ్మకి రావడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషంలో అక్క వార్డు బల్ల దగ్గర ఒక్కతే ఉంటుంది. నేను వెళ్ళి చెప్పాలి, లేదా ఉత్తరం మానుకోవాలి. మానుకుంటే రెండొందల పడకలు.

మంగళవారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. సాయంత్రం సందేహం వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సారీ మేడం. నేను అలా అనకుండా ఉండాల్సింది."

"అనాల్సిందే. లోపలికి రా." రిజిస్టరు, పట్టిక ముందుకి తోశాను. నిలబడే చదివింది. నేను ఏడాదంతా నేర్పాననుకున్నది ఈ పిల్లకి అప్పటికే కొట్టినపిండి.

"మేడం, ఇది చూస్తే ఎవరో మార్చినట్టే ఉంది. కానీ మార్చారని ఇది రుజువు చెయ్యదుగా. టైములు నిజంగానే తప్పు రాసి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"మరి ఎలా తెలుస్తుంది?"

"కవర్లు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళని అడగాలి."

"అడగండి మరి" అంది, బస్టాపు ఎటని అడిగితే చెప్పినంత తేలిగ్గా.

బుధవారం అక్కకి సెలవు. మధ్యాహ్నం రిజిస్టరునీ తెరిచేసిన కవర్లనీ అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. బావ పనికి వెళ్ళారు. అక్క ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి వారానికి సరిపడా తెల్ల కోట్లు ఇస్త్రీ చేసుకుంటోంది.

"రా పొట్టీ. పనిరోజు ఇటొచ్చావేంటి, కాలేజీ వాళ్ళు వెళ్ళగొట్టారా?"

"ఇంకా లేదు. కొట్టేలా ఉన్నారు."

"నీ నోటికి ఇన్నాళ్ళు ఉంచుకోవడమే గొప్ప. ఆ పెట్టేంటి?"

"అక్కా, ఒకటడుగుతాను. కోప్పడకు."

"కోపం నీ శాఖ, నాది కాదు. అడుగు."

దారిలో పది రకాలుగా కూర్చుకున్న ప్రశ్న తీరా నోటికొచ్చేసరికి ఒక్క ముక్కైంది. "ఆ పరుపుల స్టడీలో, కవర్లు తెరిచే ముందు లోపల ఏముందో చూశావా?"

అక్క కోటుని తిప్పి కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడిపింది. "చూశాను. లైటు పెట్టె మీద పెడితే అద్దంలో చూసినట్టే కనపడేది. ఏం?"

దాపరికం లేదు, తడబాటు లేదు. నేనే తడబడ్డాను. "ఎందుకు చూశావక్కా?"

"ఎందుకేంటి? పందొమ్మిదో మంచం దర్జీ ఆవిడ గుర్తుందా నీకు? ఎముకల గూడు. చెయ్యేస్తే చర్మం ఊడొస్తుందేమోనని భయమేసేది. ఆవిడకి వచ్చిన కవర్లో మామూలు పరుపని ఉంది. అదే పూట చేరిన లారీ డ్రైవరుకి గాలి పరుపు. తొడ ఎముక విరిగిందన్న మాటే గాని ఏనుగంత మనిషి. నువ్వైతే ఏం చేస్తావు?"

"కవర్లో ఏముంటే అది వేస్తాను."

"అందుకే నువ్వు క్లాసులో ఉన్నావు, నేను వార్డులో ఉన్నాను." నవ్వింది. "నీ లెక్క మాత్రం చెడగొట్టలేదులే. ఒకరిది మారిస్తే దానికి సరిపడా ఇంకొకరిది మార్చాను. ముప్పైకి ముప్పై ఉన్నాయా లేదా? టైములు కూడా ఉన్నవి ఉన్నట్టే రాశాను. నీకు మాట రాకూడదని."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. దొంగ పని చేసేవాళ్ళు టైము సరిగ్గా రాయరు. అక్క రాసింది. ఆమె దృష్టిలో అది సాయం. రోగికీ సాయం, చెల్లెలికీ సాయం.

"లెక్క చెడిందక్కా" అన్నాను.

"ఎలా చెడింది? చెప్పు."

పందొమ్మిదేళ్ళుగా చెబుతున్న పాఠం ఆ గదిలో నాకు కొత్తగా చెప్పాల్సి వచ్చింది. "ముసలివాళ్ళు ముప్పై మంది, కుర్రాళ్ళు ముప్పై మంది మేడ మెట్లెక్కుతున్నారనుకో. ముసలివాళ్ళకి మాత్రం చేతికర్రలిచ్చాం. రెండు గుంపులూ ఒకేసారి పైకి చేరాయి. కర్ర వల్ల లాభం లేదని అంటామా?"

"అదెలా అంటాం? కర్ర లేకపోతే వాళ్ళు సగం మెట్ల దగ్గరే ఉండేవాళ్ళు." అని అక్క ఆగిపోయింది.

అక్క ఇస్త్రీ పెట్టెని నిలబెట్టి ప్లగ్గు పీకేసింది. వైరుని చేతికి చుట్టుకుంటూ, మళ్ళీ విప్పుతూ చాలాసేపు నిలబడింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అంటే ఆ పరుపు మంచిదేనా?"

"అయ్యుండొచ్చు. తెలీదు."

"అమ్మకి తెప్పిద్దామా అంటే నువ్వు దండగన్నావు."

"అన్నాను."

"నేను విన్నాను." బల్ల మీద ఉన్న కోటు మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది. "ఒక్క మాట చెప్పవే. ఆ పరుపు వేసుంటే అమ్మకి పుండు పడేది కాదా?"

నేను భయపడ్డది ఈ ప్రశ్నకే. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. పడేదే అక్కా, అమ్మ వయసుకి ఏ పరుపైనా ఒకటే అంటే అయిపోయేది. అక్క ఆ పూటకి కుదుటపడేది, రాత్రి నిద్రపోయేది. నా మాట ఆమె నమ్ముతుంది కూడా, ముందూ నమ్మింది కదా. కానీ అలా అంటే నేనూ ఆ కవరు ఎత్తి చూసినట్టే అవుతుంది. ఎదుటి మనిషి ఎంత తట్టుకోగలదో నేనే అంచనా వేసి, దానికి తగ్గది చేతిలో పెట్టడం అవుతుంది.

"తెలీదక్కా" అన్నాను.

"ఇన్నేళ్ళు చదివావు, ఇంతమందికి చెప్పావు. అవునో కాదో ఒక్క మాట తెలీదా?"

"తెలీదు. తెలుసుకునే వీలు ఉన్న రోజున మనం పాడు చేసుకున్నాం. నువ్వొక్కదానివే కాదు. పల్చటి కవర్లని తెలిసీ వాడింది నేను. పట్టికలో తేడా కళ్ళెదుట కనపడుతున్నా నోరు మూసుకున్నది నేను. దండగన్నదీ నేనే."

"నీ వాటా తర్వాత పంచుకుందాం" అంది అక్క కరుకుగా. "ముందు నాది నన్ను మొయ్యనీ."

లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో గళ్ళ నోటుబుక్కు ఉంది. నా ఒళ్ళో పడేసింది. పద్నాలుగు నెలల పాటు అమ్మని ఏ గంటకి ఎటు తిప్పి పడుకోబెట్టిందీ అందులో ఉంది. ఎడమ, కుడి, వెల్లకిల. ఎడమ, కుడి, వెల్లకిల. రెండు గంటలకొకసారి. అక్క డ్యూటీలో ఉన్నప్పుడు బావ రాసినవి వంకరటింకరగా ఉన్నాయి.

"చూడు. ఒక్క గడి ఖాళీగా ఉందేమో చూడు. నువ్వు తప్పులు పట్టడంలో గట్టిదానివిగా?"

పేజీలు తిప్పాను. ఊరికే తిప్పితే ఆమె ఊరుకోదని తెలుసు. నిజంగానే ప్రతి గడీ చూశాను. చివరి తొమ్మిది రోజుల దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. అవి అక్క కన్నీళ్ళో, నావో నాకు తెలియలేదు.

"ఖాళీ లేదక్కా."

"లేదు" అంది. "ఒక్కటి కూడా లేదు." అప్పుడు కూలబడింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే విదిలించింది. మళ్ళీ పట్టుకుంటే ఊరుకుంది. అమ్మ పోయిన రోజు కూడా అక్క ఇలా ఏడవలేదు.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ రిజిస్టరిలా ఇవ్వు" అంది. పెన్ను తీసుకుని ఒక్కో వరసా చూస్తూ టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. ఆరేళ్ళయినా ఒక్క రోగినీ మర్చిపోలేదు. ఈవిడ దర్జీ ఆవిడ. ఈయన కళ్ళు కనపడని మేష్టారు. ఈమెకి కూతురు రోజూ వచ్చి జడ వేసేది. నేను కనిపెట్టినవి తొమ్మిది జతలు. అక్క పదకొండు చూపించింది, మిగతా రెండు జతలకీ ఒకే టైము ఉండటంతో నా కంటికి దొరకలేదు. ఒక దగ్గర పెన్ను ఆగింది.

"లారీ డ్రైవరుకి పుండు పడిందా?"

చూశాను. "పడింది."

"ఓర్చుకుంటాడులే అనుకున్నాను." ఆ వరస పక్కన టిక్కు కొంచెం గట్టిగా పెట్టింది.

సూపరింటెండెంటుకి, ఆ రెండో ఆసుపత్రికి ఉత్తరం రాయాలని చెప్పాను. "నీ ప్రస్తావన అక్కర్లేదు. కవర్లు పల్చగా ఉన్నాయంటే చాలు" అన్నాను.

"చాలదు. నా పేరు రాయి."

"అక్కా, రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నరే ఉంది. ఎందుకిప్పుడు?"

"కవర్లు పల్చగా ఉన్నాయని రాస్తే వాళ్ళు మందపాటివి కొనుక్కుని ఊరుకుంటారు. చూసిన మనిషి ఉందని రాయి. అది చెడ్డ మనిషి కాదని కూడా రాయి. లేకపోతే ఇంకోసారి వాళ్ళు దొంగల కోసం వెతుకుతారు. నాలాంటి దాన్ని చూసి మురిసిపోయి పెట్టె చేతిలో పెడతారు."

నేను పందొమ్మిదేళ్ళలో ఏ క్లాసులోనూ ఆ మాట ఇంత సూటిగా చెప్పలేకపోయాను. అక్క చెప్పింది చెప్పినట్టే కాగితం మీద పెట్టాను. చదివి వినిపిస్తే 'దయతో' అన్న మాట కొట్టెయ్యమంది. "ఉన్నది రాయి చాలు. మెప్పు వద్దు" అంది. కొట్టేశాను.

"ఇప్పుడేం చేస్తావు?"

"మొదట్నించి మళ్ళీ చెయ్యాలి. వాళ్ళ కొత్త భవనంలో సగం, మన వార్డులో సగం. ఈసారి కవర్లు మందంగా ఉంటాయి. లోపల నల్ల కాగితం కూడా పెడతాను. లైటుకి పెట్టినా ఏమీ కనపడదు."

"మన వార్డులో పెట్టె ఎవరి దగ్గర పెడతావు?"

ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు అప్పుడు తట్టలేదు. ఆమె మనసు తేలిక చేద్దామనుకున్నాను. "నీ దగ్గరే. ఇప్పుడు నీకంటే బాగా తెలిసినవాళ్ళెవరున్నారు?"

అక్క ప్లగ్గు పెట్టి, చుట్టుకున్న వైరు విప్పి, తర్వాతి కోటు అందుకుంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో తాకి చూసుకుంది.

"నాకివ్వకు పొట్టీ" అంది నా వైపు చూడకుండానే. "ఇంత తెలిశాక కూడా, ఆ దర్జీ ఆవిడలాంటి మనిషి మళ్ళీ ఆ మంచం మీదికొస్తే, నువ్వెంత మందపాటి కవరు పెట్టినా నేను చింపి చూస్తాను."